కంద విత్తనం కొనేవాళ్ళు జాగ్రత్త: గజేంద్ర రకం అని చెప్పి మట్టి పూసిన ముక్కలు అంటగడుతున్నారు

తిరుపతి, చంద్రగిరి, పాకాల వైపు ఈసారి కంద వేద్దామనుకుంటున్నవాళ్ళు డబ్బు పంపేముందు ఇది చదవండి. "ఒరిజినల్ గజేంద్ర, కిలో 60, పార్శిల్ వేస్తాం" అని వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతోంది, పక్కనే రెండు చేతులతో ఎత్తి పట్టుకున్న పెద్ద గడ్డ ఫోటో. అది చూసే నేను, మా బావ కలిసి తెప్పించుకున్నాం. వచ్చింది గజేంద్ర కాదు, అందులో సగం అసలు విత్తనమే కాదు.

బస్తా విప్పితే ముక్కలన్నిటికీ పేడ, ఎర్రమట్టి మందంగా పూసి ఉంది. విత్తనాన్ని పేడనీళ్ళలో ముంచి నీడన ఆరబెట్టడం మామూలే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, వాళ్ళ ధైర్యమూ అదే. కంద వేరు కాదు, నేలలో ఊరిన కాండం; మొలక వచ్చేది నడినెత్తిన గుంటలో ఉండే కన్ను నుంచి. అందుకే గడ్డను నిలువునా, ప్రతి ముక్కకీ ఆ కన్నులో కొంత వచ్చేలా, అర కిలోకి తగ్గకుండా కోస్తారు. కడిగి చూస్తే మాకు పంపినవి చాలావరకు గడ్డ అడుగున అడ్డంగా కోసిన ముక్కలు, తోలు తప్ప కన్ను జాడ లేదు. ఇలాంటివి ఎక్కువగా మట్టిలోనే కుళ్ళిపోతాయి. కొన్నయితే అప్పటికే కుళ్ళాయి, బొటనవేలితో నొక్కితే పూత కింద నుంచి గోధుమరంగు నీళ్ళు, పులిసిన కంపు.

ఇక రకం సంగతి. గజేంద్ర కొవ్వూరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన రకం. ఒకటే గడ్డ ఊరుతుంది, చుట్టూ పిల్లగడ్డలు రావు, తింటే దురద ఉండదు. మాకు వచ్చిన నాలుగైదు గుండు గడ్డలకు మాత్రం చుట్టూ పిల్లలను విరిచేసిన మచ్చలే. అయినా చూద్దామని మా అత్త ఒకదాన్ని చింతపండు దండిగా పోసి పులుసు పెట్టింది, రెండు ముద్దలు తినేసరికి ఇంటిల్లిపాదీ గొంతు గీక్కుంటూ మజ్జిగ కోసం లేచారు. (బావ మాత్రం ఉప్పు తక్కువైందన్నాడు, ఆయన నాలుక సంగతి వేరు.) ఆ గుచ్చేవి కాల్షియం ఆక్సలేట్ సూదులు, నాటు కందలో ఎక్కువుంటే ఎంత పులుపు పోసినా పూర్తిగా పోవు.

అమ్మినవాడికి ఫోన్ చేస్తే "మీ నీళ్ళు తేడా సార్, ముందు వేసి చూడండి" అన్నాడు. బిల్లు అడిగితే రైతుకూ రైతుకూ మధ్య బిల్లేమిటని నవ్వి, ఆ సాయంత్రమే నా నంబర్ బ్లాక్ చేశాడు. ఆ మాటకు తగ్గకండి. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు, ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా నమోదు చేసుకుంటారు. మేం పార్శిల్ రసీదు, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్ దాచిపెట్టాం, బస్తా విప్పేటప్పుడు వీడియో కూడా తీసి ఉంటే ఇంకా గట్టిగా ఉండేది.

కొనేవాళ్ళు కోసిన ముక్కలు వద్దనండి, గుండు గడ్డలే అడగండి, పూత లేకుండా పంపమనండి. దానికి ఒప్పుకోకపోతే వదిలేయండి. ఇంకోటి, బావ ఫోన్లో ఆ నంబర్ ఇంకా కనిపిస్తోంది, నిన్నటి నుంచి స్టేటస్‌లో కంద పోయి విత్తన పసుపు కొమ్ములు వచ్చాయి, "ఒరిజినల్ సేలం" అట. పసుపు వేసేవాళ్ళకు కూడా ఈ మాట చేరేయండి.