పాత క్యాసెట్ కారు స్టీరియో: ఏళ్ల తరబడి వాడాక

మా మారుతి జెన్‌లో ఇప్పుడున్న క్యాసెట్ స్టీరియో ఎర్రగడ్డ ఆదివారం సంతలో కొన్నది. ముందు పలక మీది కంపెనీ పేరు అరిగిపోయింది. మాన్యువల్ సంగతి సరేసరి, వెనుక కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) కూడా లేకుండా వైర్లను ఎవరో మొదలంటా తెంపి అమ్మారు. ఇన్నేళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం ఒక్కటే: ఈ సెట్లలో లోపాలుగా కనిపించేవాటిలో సగం లోపాలు కావు, అవి వేరే దేశపు శ్రోతల కోసం తయారైనవి కావడం వల్ల వచ్చిన చిక్కులు.

వైరింగ్ పెద్ద కష్టం కాదు. ఇలాంటి సెట్లలో చాలావాటికి రంగుల పద్ధతి ఒకటే. పసుపు వైరు నేరుగా బ్యాటరీకి, ఎరుపు తాళం తిప్పితే కరెంటు వచ్చే లైనుకు, నలుపు బాడీకి వెళ్తాయి. తెలుపు, బూడిద రంగులు ముందు స్పీకర్లవి. ఆకుపచ్చ, ఊదా వెనుకవి. పసుపు, ఎరుపు తారుమారైతే పాటలు మామూలుగానే వస్తాయి కానీ, తాళం తీసిన ప్రతిసారీ గడియారమూ దాచుకున్న స్టేషన్లూ చెరిగిపోతాయి. స్పీకరు నెగటివ్ వైరును మాత్రం పొరపాటున కూడా బాడీకి తగిలించకూడదు, లోపలి యాంప్లిఫయర్ ఐసీ కాలిపోతుంది.

అసలు చిక్కు రేడియోతో వచ్చింది. ఎఫ్ఎంలో 98.3, ఆకాశవాణి రెయిన్‌బో వారి 101.9 నిక్షేపంగా పలికేవి. వివిధ భారతి 102.8 మాత్రం ఎంత వెతికినా బరబరమనేది. మీడియం వేవ్‌లో హైదరాబాద్ కేంద్రం 738 కిలోహెర్ట్జ్‌కు బదులు తెర మీద 730, ఆ తర్వాత ఏకంగా 740 కనిపించేవి. రాణిగంజ్‌లో ఒక ఎలక్ట్రీషియన్ చూసి, “ఏరియల్ పోయింది సార్, మార్చేద్దాం” అన్నాడు. ఏరియలే పోతే పక్క స్టేషన్లు అంత శుభ్రంగా ఎలా వస్తాయన్న అనుమానంతో అంకెలను పరిశీలిస్తే విషయం బయటపడింది. అమెరికాలో మీడియం వేవ్ స్టేషన్ల మధ్య ఎడం 10 కిలోహెర్ట్జ్, మనకు 9. ఎఫ్ఎంలో అక్కడి సెట్లు 200 కిలోహెర్ట్జ్ చొప్పున దూకుతాయి కనుక దశాంశం తర్వాత బేసి అంకె ఉన్నవే వాటికి అందుతాయి, 102.7 నుంచి 102.9కి పోయే సెట్టుకు 102.8 అనే చోటే లేదు. సెట్టును బయటకు లాగి చూస్తే అడుగు రేకులో, గోరు పట్టేంత సందులో, చిన్న స్లైడ్ స్విచ్ ఒకటి దొరికింది. పక్కన 9, 10 అని సన్నగా అచ్చు వేసి ఉంది. దాన్ని 9 వైపు జరపగానే ఎఫ్ఎంలో దూకే ఎడం కూడా మారి, దాచిన స్టేషన్లన్నీ పోయాయి, వివిధ భారతి వచ్చింది. అన్ని సెట్లకూ ఈ స్విచ్ ఉండదు. కొన్నింటిలో రెండు మీటలు కలిపి నొక్కి పట్టుకోవాలి.

క్యాసెట్ విభాగంలో టేపు బుసను తగ్గించే డాల్బీ అని ఒకటి, ఎంటీఎల్ అని ఒకటి మీటలున్నాయి. రెండోది మెటల్, క్రోమ్ టేపుల కోసం ఉద్దేశించినది. డాల్బీ గుర్తు లేని మామూలు సినిమా పాటల క్యాసెట్టుకు ఈ రెండు దీపాలూ వెలుగుతుంటే తాళాలు, గజ్జెల చప్పుళ్లు మందగించి, టేపును చదివే హెడ్ అరిగిపోయిందేమో అనిపిస్తుంది. రెండూ ఆపేస్తే గొంతు తేటపడుతుంది. ఫోన్ పాటల కోసం వాడే క్యాసెట్ అడాప్టర్ అందరికీ కలిసిరాదు: రీలు తిరగడం ఆగినట్టు తోస్తే ఆటో రివర్స్ డెక్ టేపు అయిపోయిందనుకుని టక్కున దిశ మారుస్తుంది. లోపల పళ్ల చక్రాలు సాఫీగా తిరిగే అడాప్టరునే ఎంచుకోవాలి.

శబ్దం విషయంలో నాకు ఫిర్యాదు లేదు. నాలుగు స్పీకర్లకూ చాలినంత బలం ఉంది. ఎండాకాలం డాష్‌బోర్డు మీద మరచిన క్యాసెట్లు వంకర తిరిగితే ఆ నింద దీనిది కాదు. క్యాసెట్టును తిప్పే రబ్బరు బెల్టు మాత్రం సాగిపోయి ఒకసారి మార్చవలసి వచ్చింది, కోఠి గుజరాతీ గల్లీలో కొలత చూపించి తెచ్చుకున్నాను.

ఇలాంటిది కొనేవారు సంతలోనే 12 వోల్టుల బ్యాటరీకి తగిలించి, ఒకే పాటను కాదు, క్యాసెట్టును రెండు దిశల్లోనూ నడిపించి వినాలి. రెండు వైపులా పాట సాగదీసినట్టు వినిపిస్తే బెల్టును అనుమానించవచ్చు, అది చవకగా తేలే పని. ఒక వైపే వణికితే ఆ దిశలో టేపును లాగే రబ్బరు రోలరు గట్టిపడి ఉండవచ్చు. సరైన కొలత రోలరు దొరకడం కష్టం కనుక ధర సగానికి తగ్గించినా వదిలేయడమే మేలు.