మూడేళ్ళ తర్వాత సిరామిక్ కోటింగ్: బెజవాడలో ఎంత తీసుకున్నారు, ఏం చేశారు, ఏం మిగిలింది

మా నల్ల వెర్నా కారుకి పెయింట్ కరెక్షన్ (మెషిన్‌తో గీతలు తీయడం), దానిమీద సిరామిక్ కోటింగ్ (పెయింట్‌కి రక్షణగా రాసే పలచటి పారదర్శక పొర) చేయించి మూడేళ్ళు దాటింది. జీఎస్టీతో కలిపి బిల్లు 42,480 రూపాయలు. అంత పెట్టినందుకు ఫలితం ఉందా అని ఆఫీసులో, అపార్ట్‌మెంట్‌లో ఇప్పటికీ అడుగుతుంటారు. ఉంది. అయితే ఆ డబ్బులో పెద్ద వాటా కోటింగ్‌కి ముందు జరిగిన చాకిరీది. మన ఊళ్ళో చాలామంది సీసా మీద పేరు, వారంటీ ఎన్నేళ్ళు అన్నవి చూసి రేట్లు పోల్చుకుంటున్నారు. అలా పోల్చుకుంటే నష్టపోయే అవకాశమే ఎక్కువ. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను విచారించినప్పుడు ఒకే సైజు కారుకి 12,000 నుంచి 60,000 దాకా చెప్పారు. అందరూ సిరామిక్ అనే అన్నారు, అందరి బోర్డుల మీదా 9హెచ్ అనే ఉంది. తక్కువ చెప్పినచోట పొద్దున కారు ఇస్తే సాయంత్రానికి ఇచ్చేస్తామన్నారు. ఒక్క పూటలో కారు కడిగి, పెయింట్‌లో గుచ్చుకున్న మురికి లాగి, గీతలు తీసి, కోటింగ్ వేయడం అయ్యే పని కాదు. మా కొలీగ్ ఒకరు అలాంటి చోటే ఇచ్చారు. డెలివరీ రోజు కారు బ్రహ్మాండంగా మెరిసింది. నెల తిరక్కుండానే పాత గీతలన్నీ బయటికొచ్చాయి. గీతల్ని తీయకుండా వాటిని నింపి కనపడకుండా చేసే గ్లేజ్ పాలిష్‌లు ఉంటాయి. నాలుగు వాష్‌లకి అది కొట్టుకుపోతుంది. దానిమీద వేసిన కోటింగ్ కూడా పెయింట్‌ని సరిగ్గా పట్టుకోదు.

9హెచ్ గురించి కూడా చెప్పాలి. అది పెన్సిల్ ములుకుతో గీసి చూసే పరీక్షలో వచ్చే కొలత. వజ్రం, క్వార్ట్జ్ లాంటి వాటి గట్టిదనాన్ని కొలిచే స్కేలు వేరు. 9హెచ్ ఉంది కదా, తాళంచెవి తగిలినా గీత పడదు అని ఎవరైనా చెబితే నమ్మకండి. సిరామిక్ పొర మందం మామూలుగా ఒకటి రెండు మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు).

నేను చివరికి కానూరు వైపు ఉన్న ఒక స్టూడియోలో ఇచ్చాను. ఫోన్‌లో రేటు అడిగితే యజమాని చెప్పలేదు. "కారు చూడకుండా ఎలా చెప్పమంటారండీ? ఒకసారి కడిగి, లైటు వేసి, మీటరు పెట్టి చూస్తేగానీ ఎంత పనుందో తెలీదు" అన్నారు. నాకు నమ్మకం కలిగింది అక్కడే.

మీటరంటే పెయింట్ మందం కొలిచేది. ఫ్యాక్టరీ పెయింట్ మామూలుగా 100 నుంచి 140 మైక్రాన్ల మధ్య ఉంటుంది. అందులో పైన ఉండే రంగులేని పారదర్శక పొర, క్లియర్ కోట్, 40, 50 మైక్రాన్లకి అటూ ఇటూ, అంటే మన తలవెంట్రుక కంటే పలచన. రబ్బింగ్ అంటే గీత లోతు దాకా ఆ పొరను అరగదీయడమే. ఎండను అడ్డుకునే రసాయనాలు ఉండేదీ ఆ పొరలోనే. ఒకసారి అరిగితే మళ్ళీ రాదు. అందుకే కొలవకుండా మెషిన్ పెట్టే చోట కారు ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం. మా కారు ఎడమ వెనక డోర్ దగ్గర మీటరు 200 దాటింది. అంతకుముందు ఆటో తగిలితే ఆ డోర్‌కి పెయింట్ వేయించాం. నేను చెప్పకముందే వాళ్ళు కనిపెట్టారు. బంపర్లు ప్లాస్టిక్ కాబట్టి అక్కడ ఆ మీటరు చదవదు, అందుకని వాటిమీద తేలిగ్గా పోనిస్తామన్నారు. అన్ని అంకెలూ కాగితం మీద రాసి, అప్పుడిచ్చారు కొటేషన్: వాష్, డీకంటామినేషన్ (గుచ్చుకున్న మురికి లాగడం) 4,000, రెండు దశల పెయింట్ కరెక్షన్ 20,000, కోటింగ్ 12,000, పైన 18 శాతం జీఎస్టీ. తెల్ల కారయితే ఒక దశ సరిపోయి ఉండేదేమో, నలుపు మీద ప్రతి గీతా కనిపిస్తుంది కాబట్టి రెండు దశలు తప్పవన్నారు. ఇలా విడదీసి రాసివ్వమంటే కొన్నిచోట్ల విసుక్కున్నారు. ప్యాకేజీ అంటే ప్యాకేజీయే అన్నారు.

పని జరుగుతుంటే వెళ్ళి చూడనిచ్చారు, అదీ ముఖ్యమే. మా ఆఫీసు రైల్వే స్టేషన్ దగ్గర. కారు రోజంతా పట్టాల పక్కనే ఎండలో ఉంటుంది. రైళ్ళ బ్రేకుల నుంచి, మన చక్రాల బ్రేకుల నుంచి లేచే ఇనుప రజను పెయింట్‌లో గుచ్చుకుంటుంది, షాంపూతో పోదు. ఐరన్ రిమూవర్ కొట్టిన కాసేపటికి తలుపుల కింద, డిక్కీ మీద ఊదారంగు చారలు కారాయి. ఆ రంగు వచ్చిందంటే ఇనుము కరుగుతున్నట్టు. తర్వాత తారు మచ్చలకి వేరే మందు, ఆ తర్వాత జారుడు ద్రవం చల్లుతూ క్లే బార్ (మురికిని లాగేసే బంకముద్ద) రుద్దడం. చేతికి పలచటి ప్లాస్టిక్ కవర్ తొడిగి బానెట్ మీద రాసి చూడమన్నారు. క్లే చేసిన సగం నున్నగా ఉంది, చేయని సగం గరగరలాడింది.

గీతలు తీయడం అసలు పని. లైటు కింద మా కారు బానెట్ అంతా సాలెగూడులా కనిపించింది. ఆ గీతలు చాలావరకు పొడిగుడ్డతో దుమ్ము తుడవడం వల్ల పడ్డవేనట. ముందు జానెడు చోట పరీక్ష చేశారు. మెత్తటి ప్యాడ్, తక్కువ కోత ఉన్న పాలిష్‌తో మొదలుపెట్టి, పోకపోతేనే గట్టి ప్యాడ్‌కి, ఎక్కువ కోత ఉన్న కాంపౌండ్‌కి వెళ్ళారు. మామూలు రబ్బింగ్ షాపుల్లో ఒకే దిక్కున గిర్రున తిరిగే రోటరీ మెషిన్ వాడతారు. చెయ్యి తిరిగినవాళ్ళ దగ్గర అది మంచి పనిముట్టే, కానీ ఒకచోట కాస్త ఎక్కువసేపు ఆగితే వేడెక్కి పెయింట్ కాలుతుంది, అంచుల దగ్గర క్లియర్ కోట్ పూర్తిగా లేచిపోతుంది. వీళ్ళు ఎక్కువ భాగం డ్యుయల్ యాక్షన్ మెషిన్‌తో చేశారు. అది తిరుగుతూనే అటూఇటూ ఊగుతుంది కాబట్టి కాలే ప్రమాదం తక్కువ, పట్టే టైమ్ ఎక్కువ. ఇద్దరు కుర్రాళ్ళు ఒక్క బానెట్ మీదే పూటంతా కూర్చున్నారు. 20,000 ఎక్కడికి పోయిందో అది చూస్తే అర్థమైంది.

డోర్ హ్యాండిల్ కింద ఒక గీతని మాత్రం తీయలేదు. నేను అడిగితే పెద్ద మేస్త్రీ నా వేలు పట్టుకుని గోటితో గీయించారు. "తగులుతోంది కదండీ. ఇది పూర్తిగా పోవాలంటే క్లియర్ కోట్ ఇక్కడ ఏమీ మిగలదు. వదిలేద్దామండీ, బండి మీరింకా పదేళ్ళు వాడుకోవాలి" అన్నారు. నూటికి నూరు శాతం గీతలు పోతాయని చెప్పే షాపు కంటే ఇలా వద్దని చెప్పే షాపు మేలు.

కోటింగ్‌కి ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన ద్రవంతో కారంతా తుడిచి, మళ్ళీ లైటు వేసి చూపించారు. పాలిష్ నూనెల కింద దాక్కున్న గీతలుంటే అప్పుడు బయటపడతాయి. మీరు ఎక్కడ చేయించినా ఈ దశలో వెళ్ళి చూసుకోండి. కోటింగ్ వేయడం దానితో పోలిస్తే చిన్న పని. చిన్న దిమ్మకి మెత్తటి స్వెడ్ గుడ్డ చుట్టి, కొన్ని చుక్కలు వేసి అడ్డంగా, నిలువుగా రాశారు. ఇంద్రధనుస్సు రంగులు తేలగానే మైక్రోఫైబర్‌తో తుడిచి సమం చేశారు. తుడవడం ఆలస్యమైతే ఆ మరక గట్టిపడి, మళ్ళీ పాలిష్ చేస్తేగానీ పోదు. ఆపైన ఇన్‌ఫ్రారెడ్ దీపాలు పెట్టి ఆరబెట్టారు. వారం దాకా కడగొద్దన్నారు.

ఇక మూడేళ్ళ వాడకం. మొదటి ఏడాది నీళ్ళు ముత్యాల్లా జారిపోయేవి అని అందరూ చెప్పేదే, నిజమే. నాకు అంతకంటే విలువైనది కడగడం తేలికవడం. అమరావతి వైపు పనుల దుమ్ములో తిరిగొచ్చినా, ప్రెషర్ నీళ్ళకే సగం మట్టి జారిపోతుంది. రుద్దే పని తగ్గితే కొత్త గీతలూ తగ్గుతాయి. పక్షి రెట్టకి కూడా కాస్త గడువు దొరుకుతుంది. కానీ మే నెలలో మన ఎండకి రెట్ట గంటల తరబడి ఉంటే కోటింగ్ ఉన్నా మచ్చ దిగుతుంది. డిక్కీ మీద ఒకటి అలా మిగిలింది.

కోటింగ్ ఆపలేనిది బోరు నీళ్ళ మచ్చ. దీని గురించి అమ్మేవాళ్ళు ఎవరూ చెప్పరు. గుంటూరులో మా అత్తగారింట్లో బోరు నీళ్ళకి గిన్నెల మీద తెల్లటి పొర కడుతుంది. ఆ నీళ్ళతో ఒకసారి ఎండలో కారు కడిగారు, మా బావమరిది ప్రేమతోనే చేశాడు. కోటింగ్ ఉన్న కారు మీద నీళ్ళు గుండ్రంగా నిలబడతాయి కదా, ప్రతి చుక్కా ఉన్నచోటే ఆరిపోయి, అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు తెల్లటి వలయాలుగా మిగిలాయి. కోటింగ్ లేకపోతే నీళ్ళు పరుచుకుని పలచటి చార పడేది. ఇక్కడ వలయం వలయంగా పడింది. వాటర్ స్పాట్ రిమూవర్‌తో చాలావరకు పోయాయి, రూఫ్ మీద కొన్ని పోలేదు. అప్పటి నుంచి నీడలోనే కడుగుతున్నాను. ఆఖరున ఇంట్లో ఆర్వో నీళ్ళు చిన్న స్ప్రే పంపులో పోసి ఒకసారి కొట్టి, వెంటనే మైక్రోఫైబర్ టవల్‌తో అద్దుతున్నాను. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ అయినా పనికొస్తుంది.

రెండో ఏడాది బానెట్ మీద నీళ్ళు జారడం ఆగిపోయింది. కోటింగ్ పోయిందనుకున్నాం. కోటింగ్ సర్వీసుకి ఇస్తే, ఐరన్ రిమూవర్, ఆమ్ల గుణం ఉన్న షాంపూతో కడిగారు, మళ్ళీ మొదటిలాగే జారింది. పైన లవణాలు, మురికి పేరుకుని కోటింగ్‌ని కప్పేశాయన్నమాట. కాబట్టి నీళ్ళు జారడం లేదని చెప్పి వెంటనే కొత్త కోటింగ్ వేస్తామంటే ఒప్పుకోకండి, ముందు ఈ వాష్ చేయించండి. ఏటా చేయించే ఈ సర్వీసుకి 3,500 అవుతోంది. అది చేయించకపోతే వారంటీ చెల్లదు. వారంటీ కాగితంలో రాళ్ళ దెబ్బలు, నీటి మచ్చలు, పక్షి రెట్టలు వర్తించవని చిన్న అక్షరాల్లో ఉంది. మన దగ్గర పెయింట్‌కి వచ్చే కష్టాలన్నీ దాదాపు అవే. వారంటీ ఏళ్ళకి నేనైతే పైసా విలువ కట్టను.

హైదరాబాద్ హైవే మీద లారీల వెనక ఎగిరే రాళ్ళకి ముందు బంపర్, బానెట్ అంచు చుక్కలు చుక్కలుగా లేచాయి. దీనికి కోటింగ్ జవాబు కాదు, పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) కావాలి. అది 150 నుంచి 200 మైక్రాన్ల మందం ఉండే పాలీయురేథేన్ ఫిల్మ్, రాయి దెబ్బని నిజంగా తట్టుకుంటుంది. ఒళ్ళంతా వేయిస్తే లక్ష దాటుతుంది. హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్ళకి ముందు భాగానికి మాత్రం ఫిల్మ్, మిగతాదానికి కోటింగ్ మంచి పద్ధతని నా ఉద్దేశం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి సింగ్ నగర్‌లో మా ఫ్రెండ్ కారు మునిగింది. దానికీ కోటింగ్ ఉంది. బయటి బురద ఒక్క వాష్‌కే పోయింది గానీ లోపల సీట్లు, వైరింగ్ పోయాయి.

మా వాచ్‌మన్‌కి మాత్రం మొదటి రోజే చెప్పాను: "బాబాయ్, ఈ కారు గుడ్డతో తుడవొద్దు, నెల డబ్బులు నీకు మామూలుగానే ఇస్తాను." ఈమధ్య లైటు వేయించి చూస్తే తలుపుల మీద గీతలు దాదాపు లేవు, రూఫ్, బానెట్ మీద కొన్ని ఉన్నాయి.

మళ్ళీ కోటింగ్‌కి రేటు అడిగాను. ఈసారి తేలికపాటి ఒక దశ పాలిష్ చాలన్నారు, జీఎస్టీ కాకుండా 24,000 చెప్పారు. మీటరు పెట్టి చూస్తే క్లియర్ కోట్‌కి ఇబ్బంది లేదు. వానలు పోయాక కార్తీకంలో ఇస్తున్నాను. వాళ్ళ కోటింగ్ గదికి ఏసీ ఉంది గానీ, కరెంటు పోయి గది వేడెక్కితే మందు రాసీరాయకముందే ఆరిపోతుందట, తేమ ఎక్కువైనా పొర సమంగా కుదరదట. నవంబరులో ఆ రెండు టెన్షన్లూ ఉండవని పెద్ద మేస్త్రీయే ఆ నెల చెప్పారు.