పాకెట్ పీఈఏ: చలి దెబ్బ కొలుస్తుంది, చలి కబురు కొలవదు

చలికి ఆకులో జరిగిన నష్టం వేరు, ఆ చలి గురించి హరితరేణువు కణ కేంద్రకానికి పంపే కబురు వేరు. ఆకు ఫ్లోరసెన్స్‌ను (వెలుతురు పడితే ఆకు తిరిగి వెదజల్లే కాంతిని) కొలిచే చేతి పరికరం హాన్సాటెక్ పాకెట్ పీఈఏ మొదటిదాన్ని చక్కగా కొలుస్తుంది. రెండోదాని కోసం దీన్ని కొంటే మాత్రం డబ్బు వృథా.

ఆ కబురు ఎంత ముఖ్యమో బార్లీలో తేలింది. హరితరేణువులు సరిగా ఏర్పడని అల్బినా, జాంథా మ్యుటెంట్లను (జన్యువు మారిన మొక్కలను) మామూలు మొక్కలతో పోల్చిన అధ్యయనం 2006లో వచ్చింది. మామూలు బార్లీలో చలికి స్పందించే జన్యువుల్లో దాదాపు మూడింట రెండు వంతులు ఆ మ్యుటెంట్లలో కదలనే లేదు.

ఆ కబురు పుట్టేది ఇలా. చలికి ఎంజైములు మందగిస్తాయి గానీ ఆకు వెలుతురును పీల్చుకోవడం తగ్గదు. ఎలక్ట్రాన్లు ముందుకు సాగక, వెలుతురును అందుకునే ఫొటోసిస్టం-2 దగ్గర పేరుకుంటాయి. దీనికి ఉత్తేజ పీడనం అని పేరు, కొలత 1−క్యూపీ. శీతాకాలపు రై పైరును 5 డిగ్రీల దగ్గర 250 మైక్రోమోళ్ల (చదరపు మీటరుకు, సెకనుకు) వెలుతురులో పెంచినా, 20 డిగ్రీల దగ్గర 800లో పెంచినా ఈ పీడనం దాదాపు ఒకటే. గోధుమలో గుర్తించిన డబ్ల్యూసీఎస్19 జన్యువు చురుకుదనం ఒక్క ఉష్ణోగ్రతను కాక ఈ పీడనాన్ని అనుసరిస్తుంది. 1−క్యూపీ కావాలంటే వెలుతురులో ఉన్న ఆకు మీద సంతృప్త పల్స్ (క్షణకాలపు అతి తీవ్ర కాంతి) ఇచ్చే పామ్ తరహా ఫ్లోరసెన్స్ పరికరమే ఉండాలి. పాకెట్ పీఈఏ చీకట్లో ఉంచిన ఆకు మీద 627 నానోమీటర్ల ఎర్ర కాంతిని 3500 మైక్రోమోళ్ల దాకా ఒక్కసారిగా వేసి, ఫ్లోరసెన్స్ ఎలా పెరిగిందో గీత గీస్తుంది. అంతవరకే.

ఆ గీత మాత్రం నమ్మదగినది. ఆరోగ్యమైన ఆకులో, ఫొటోసిస్టం-2 గరిష్ఠ సామర్థ్యాన్ని చెప్పే ఎఫ్‌వీ/ఎఫ్‌ఎం 0.83 దగ్గర ఉంటుంది. ఆ గీత నుంచే లెక్కగట్టే పెర్ఫార్మెన్స్ ఇండెక్స్ (మొత్తం పనితీరును చెప్పే అంకె) దానికంటే ముందే పడిపోతుంది కాబట్టి పంట రకాల మధ్య తేడా పట్టడానికి అదే మేలు.

వాడకంలో తప్పులు ఎక్కువగా ఆకును పట్టి చీకట్లో ఉంచే క్లిప్పు దగ్గరే జరుగుతాయి. దాని రంధ్రం 4 మిల్లీమీటర్లు. లేత వరి నారు ఆకు అంత వెడల్పు ఉండదు, పక్కనున్న ఖాళీ కూడా కొలతలోకి వస్తుంది. రెండు ఆకులను సందు లేకుండా, ఒకదానిపై ఒకటి ఎక్కకుండా పక్కపక్కన పెట్టాలి. మంచు తడి ఉంటే ముందే తుడవాలి. షట్టర్ మూసి 20 నుంచి 30 నిమిషాలు ఆగాలి, అదీ మొక్క ఉన్న చలిలోనే. వెచ్చని గదిలో ఆపితే ఆకు ఈలోగా కోలుకుని నష్టం తక్కువగా కనిపిస్తుంది. క్లిప్పులో వెలుతురు చొరబడితే ఫ్లోరసెన్స్ కనిష్ఠ విలువ అయిన ఎఫ్‌ఓ పెరిగి, లేని నష్టం ఉన్నట్టు చూపుతుంది. పరికరాన్ని చల్లని గది నుంచి బయటికి తెస్తే కటకం మీద తేమ పడుతుంది. అది ఆరేదాకా కొలవకూడదు.

జన్యువుల చురుకుదనం చూడటానికి ఆకు నుంచి ఆర్ఎన్ఏ తీసేవాళ్లు మరో జాగ్రత్త పడాలి. క్లిప్పు కింద అరగంట చీకట్లో ఉన్న ఆకును ద్రవ నత్రజనిలో వేయకండి. బార్లీలో చలికి స్పందించే సీఓఆర్14బీ లాంటి జన్యువులు నిండుగా పనిచేయడానికి వెలుతురు కావాలి, చీకట్లో వాటి లెక్క మారిపోతుంది. అదే వయసు పక్క ఆకును, అది ఉన్న వెలుతురులోనే కత్తిరించి వెంటనే గడ్డకట్టించాలి.

ఎఫ్‌వీ/ఎఫ్‌ఎం తగ్గిందంటే ఆకు పాడైందనే అర్థం కాదు. అదనపు కాంతిని వేడిగా వదిలేసే రక్షణ ఏర్పాటు నడుస్తున్నా అది తగ్గుతుంది. మసక వెలుతురులో, 25 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి మళ్లీ కొలవండి. త్వరగా పైకొస్తే అది రక్షణ, ఆలస్యమైతే నష్టం.

తెలంగాణ యాసంగి నారుమళ్లలో వరి రకాలను పోల్చేవారికి ఇది బాగా పనికొస్తుంది. చలి రాత్రి తర్వాత ఎండ పడ్డాక ఒకసారి, సాయంత్రం మరోసారి కొలవాలి. తెల్లవారకముందు కొలిస్తే చలి, వెలుతురు కలిసి కొట్టిన దెబ్బ కనిపించదు.