బొగ్గుల గ్రిల్: ఆదివారం డాబా మీద, ఆ తర్వాత వంటింట్లో

మూత ఉన్న గుండ్రటి బొగ్గుల గ్రిల్ కొని ఐదారేళ్ళయింది. కొత్తలో రాసే సమీక్షల్లో రంగు బాగుంది, బిగించుకోవడం తేలిక అనే మాటలే ఎక్కువ. ఇన్నేళ్ళు నిప్పు సెగా విశాఖ ఉప్పుగాలీ తిన్నాక ఏది నిలిచింది, ఏది ఊడింది అన్నది వాడినవాళ్ళే చెప్పాలి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆదివారం సాయంత్రాలు చుట్టాలూ స్నేహితులూ వస్తే డాబా మీద కాల్చుకు తినొచ్చని కొన్నాం. కానీ దీని అసలు లాభం సోమ, మంగళ, బుధవారాల్లో ఆఫీసు నుంచి అలిసి వచ్చినప్పుడు మా వంటింట్లో కనిపిస్తోంది.

ముందు వస్తువు సంగతి. మాది 45 సెంటీమీటర్ల వెడల్పుది, ఐదుగురికి సరిపోతుంది. అడుగున ఒక గాలి తలుపు, మూతకి ఒకటి. ఈ ఆకారం 1952 నాటిది. అమెరికాలో షికాగో దగ్గర వెబర్ బ్రదర్స్ లోహపు కార్ఖానాలో పనిచేసే జార్జ్ స్టీఫెన్, ఓడలకి దారి చూపడానికి సముద్రంలో తేలే గుర్తుల (బోయాల) కోసం అక్కడ తయారయ్యే గుండ్రటి రేకుల్నే తీసుకుని, దానికి మూతా కాళ్ళూ పెట్టి మొదటి గ్రిల్ చేశాడు. గాలివాటానికి నిప్పు చెదరకూడదన్నది ఆయన ఆలోచన. సాయంత్రమయ్యేసరికి సముద్రం మీంచి గాలి విసిరికొట్టే మా ఊళ్ళో ఆ మూత లేకపోతే వంటే లేదు. మూత లేని రేకు పెట్టె గ్రిల్ కొనాలనుకునే తీరప్రాంతం వాళ్ళు ఇంకోసారి ఆలోచించుకోండి.

పింగాణీ పూత ఉన్నంత మేరా గిన్నెకి తుప్పు రాలేదు. ఒకచోట దెబ్బ తగిలి పూత లేచింది, అక్కడ మాత్రం తుప్పు పట్టి మెల్లగా పాకుతోంది. బాధపెట్టింది జాలీ. కూడా వచ్చినదానికి క్రోమియం పూత, రెండో ఏడాదికే పొలుసులుగా లేవడం మొదలైంది. ఆ పొలుసులు తిండిలో పడితే ప్రమాదమని దాన్ని తీసేసి, వెల్డింగు షాపులో 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు ఊచలతో ఇంకోటి చేయించాం. ఊచ కాస్త లావుగా, ఊచకీ ఊచకీ మధ్య సందు తక్కువగా పెట్టించాం కాబట్టి రొయ్యలు కూడా జారిపోవు. ఇప్పటికీ అదే వాడుతున్నాం, చెక్కు చెదరలేదు. కడగడానికి తీగల బ్రష్షు వద్దు. దాని తీగముక్క విరిగి జాలీకి అంటుకుంటే ముద్దలోకి వస్తుంది. జాలీ వేడిగా ఉండగానే పొడవాటి పట్టకారుతో తడి కొబ్బరి పీచు పట్టుకుని రుద్దితే చాలు.

బూడిద విషయంలో ఒక్కరోజు కూడా బద్ధకం పనికిరాదు. అది చెమ్మ పీల్చుకుని అడుగు రేకుని తినేస్తుంది. మర్నాడు పూర్తిగా చల్లారాక ఎత్తి పారబోయాలి. పైకి చల్లగా కనిపించినా లోపల నిప్పు రవ్వ ఉండొచ్చు కాబట్టి ప్లాస్టిక్ బుట్టలో మాత్రం వేయకండి.

బొగ్గు గురించి. సూపర్ మార్కెట్లలో దొరికే బిళ్ళలు సమంగా కాలతాయి, కానీ ఖరీదు. మేం కట్టెల డిపోలో సర్కారు తుమ్మ బొగ్గు తెచ్చుకుంటాం. త్వరగా అంటుకుంటుంది, మంచి సెగ ఇస్తుంది. చిటపటమని రవ్వలు ఎగురుతాయి గనుక పిల్లల్ని దూరంగా ఉంచాలి. కిరసనాయిలు పోసి ముట్టించకండి, ఆ వాసన ముక్కకి పడుతుంది. అడుగున చిల్లులున్న పొడవాటి రేకు డబ్బాలో బొగ్గు నింపి, కింద కాగితం, నాలుగు కర్పూరం బిళ్ళలు పెట్టి వెలిగిస్తే ఇరవై నిమిషాల్లో పైన తెల్లటి బూడిద కమ్ముతుంది. అప్పుడు గ్రిల్‌లో ఒక పక్కకే పోయాలి. రెండో పక్క ఖాళీ. ఈ ఒక్క పద్ధతి తెలిస్తే సగం వంట వచ్చినట్టే. ముందు నిప్పు మీద రంగు తెప్పించడం, తర్వాత ఖాళీ పక్కకి జరిపి మూతపెట్టి ఉడకనివ్వడం. కొవ్వు కారి మంట లేచినా ముక్క పక్కకి జరపడానికి చోటుంటుంది.

చికెన్‌కి ఎముక లేని తొడ ముక్కలే తీసుకోండి. రొమ్ము ముక్క కాస్త ఎక్కువసేపు ఉంటే ఎండిపోతుంది, తొడ అలా కాదు. కిలోకి అర కప్పు నీళ్ళు వార్చిన గట్టి పెరుగు, రెండు చెంచాల అల్లంవెల్లుల్లి ముద్ద, గుంటూరు కారం, పసుపు, ధనియాల పొడి, ఉప్పు, ఒక నిమ్మకాయ, రెండు చెంచాల వేరుశెనగ నూనె. శనివారం రాత్రి కలిపి ఫ్రిజ్‌లో పెడతాం. ఉడికిందో లేదో రంగు చూసి చెప్పడం కష్టం. గుచ్చి చూసే థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి, ముక్క మధ్యలో 74 డిగ్రీల సెల్సియస్ రావాలి.

చేపల్లో ఈ గ్రిల్‌కి కానాగంతలంత బాగా కుదిరేవి లేవని నా నమ్మకం. వాటిలో సహజంగానే నూనె ఉంటుంది. రెండు పక్కలా గాట్లు పెట్టి ఉప్పు, కారం, పసుపు, మిరియాల పొడి, నిమ్మరసం పట్టించి అరగంట ఉంచితే చాలు. సగం ఉల్లిపాయని ఫోర్కుకి గుచ్చి నూనెలో ముంచి వేడి జాలీ మీద రాయాలి, అప్పుడు చేప పెట్టాలి. పెట్టాక ముట్టుకోకూడదు. చర్మం కరకరలాడేలా కాలాక జాలీని తనే వదులుతుంది. వదలకపోతే ఇంకా సమయం కాలేదని అర్థం. చందువ, వంజరం ముక్కలైతే అరిటాకులో చుట్టి ఖాళీ పక్కన పెడతాం. ఊచలకి గుచ్చిన పనీరు, క్యాప్సికం, ఉల్లిపాయలు పది నిమిషాల పని. మొక్కజొన్న పొత్తుల గురించి ఆర్కే బీచ్ తిరిగినవాళ్ళకి నేను చెప్పేదేముంది.

అందరూ తినడం అయ్యేసరికి నిప్పులు ఇంకా గంటసేపు పనికొచ్చేలా ఉంటాయి. చాలామంది నీళ్ళు చల్లి ఆర్పేస్తారు. ఆ గంటే వారం నడిచే గంట. రెండు పెద్ద వంకాయలకి గాట్లు పెట్టి, వెల్లుల్లి రెబ్బలు దూర్చి, నూనె రాసి నిప్పుల అంచున పెడతాం. పక్కనే ఆరేడు టమాటాలు, నాలుగు ఉల్లిపాయలు తొక్కతోనే, పచ్చిమిరపకాయలు. చిలగడదుంపలు నేరుగా బూడిదలోకి. వంకాయని తిప్పుతూ ఉండాలి. తొక్క బొగ్గయిపోయి, తొడిమ దగ్గర చాకు గుచ్చితే అడ్డు లేకుండా దిగిందంటే అయినట్టే. గిన్నెలో వేసి మూతపెడితే పది నిమిషాల్లో తొక్క దానంతటదే వదులుగా వస్తుంది. లోపలి గుజ్జుకి పొగ వాసన పట్టి ఉంటుంది. గ్యాస్ మంట మీద ఎంత కాల్చినా ఆ వాసన రాదు. గుజ్జంతా స్టీలు డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టేస్తాం.

సోమవారం రాత్రి అన్నం కుక్కర్‌లో పెట్టి, కాల్చిన పచ్చిమిర్చి, జీలకర్ర, కాస్త చింతపండు, ఉప్పు రోట్లో నూరి, వంకాయ గుజ్జు కలిపి, పచ్చి ఉల్లిపాయ ముక్కలు వేసి పోపు పెడతాం. కుక్కర్ ఆవిరి దిగేలోపు బండపచ్చడి సిద్ధం. మా అమ్మ ఈ పచ్చడి కోసమే "ఆదివారం గ్రిల్ పెడుతున్నావా లేదా?" అని శుక్రవారమే అడుగుతుంది. కాల్చిన టమాటాలని చేత్తో చిదిమి చారు పెడితే ఇంకే మసాలా అక్కర్లేదు.

శనివారం కలిపిన చికెన్‌లో పావు వంతు పచ్చిదిగానే విడిగా డబ్బాలో పెడతాం. సోమవారం చారూ పచ్చడీ చాలవనుకుంటే దాన్ని మందపాటి ఇనుప పెనం మీద, మూతపెట్టి, పావుగంటలో చేసేస్తాం. పచ్చి మాంసాన్ని ఫ్రిజ్‌లో రెండు రోజులకి మించి ఉంచొద్దు. అంతకంటే ఆలస్యమయ్యేలా ఉంటే ఫ్రీజర్‌లో వేయండి. కాల్చి మిగిలిన ముక్కల్ని మాత్రం ఆ రాత్రే ఫ్రిజ్‌లో పెట్టి, మంగళవారమో బుధవారమో సన్నగా చీల్చి, ఉల్లిపాయ, కరివేపాకు వేయించి, నాలుగు గుడ్లు కొట్టి పొరటు చేస్తాం. చపాతీల్లోకి, పిల్లల డబ్బాల్లోకి ఇంతకంటే బాగుండేది మా ఇంట్లో లేదు. పచ్చి ముక్కలు పెట్టిన పళ్ళెంలో కాల్చినవి పెట్టకండి. పచ్చి చికెన్ నానిన మసాలాని మరిగించకుండా పైన పూయొద్దు. డాబా మీద చీకట్లో ఈ రెండూ ఎవరో ఒకరు మర్చిపోతుంటారు.

లోటుపాట్లు కూడా ఉన్నాయి. తొలకరి నుంచి తుపానుల కాలం దాకా వాడకం తగ్గిపోతుంది. నిప్పు రాజేయడానికీ తర్వాత శుభ్రం చేయడానికీ కలిపి గంట పడుతుంది, కాబట్టి ఇద్దరి కోసం పెట్టడం దండగ. కాళ్ళ బోల్టులు తుప్పుపట్టి రెండుసార్లు మార్చాం. మూత మీది థర్మామీటర్ తప్పు చూపిస్తుంది, నేను దాన్ని చూడడమే మానేశాను.

డాబా గానీ పెరడు గానీ లేనివాళ్ళు కొనకండి. తలుపులు మూసిన బాల్కనీలో, గదిలో బొగ్గు కాల్చితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీస్తుంది. అలాంటి ఇళ్ళకి పోత ఇనుము పెనం చాలు, పైన చెప్పిన చికెన్ మసాలా, చేప మసాలా దాని మీద కూడా చక్కగా పనిచేస్తాయి. డాబా ఉన్నవాళ్ళు కొనేటప్పుడు రంగు, చక్రాలు పక్కనపెట్టి మూడు చూడండి: గిన్నె రేకుని వేలితో నొక్కితే లొట్ట పడకూడదు, రెండు గాలి తలుపులూ బిగుతుగా మూసుకోవాలి, జాలీ స్టెయిన్‌లెస్ స్టీలుదై ఉండాలి. జాలీ క్రోమియందే అయితే వెల్డింగు షాపు ఖర్చు కూడా ధరలో కలుపుకుని బేరం చేయండి.