స్పోర్ట్స్ బండి దిగి క్రూజర్ ఎక్కి మూడున్నరేళ్లు, 43 వేల కిలోమీటర్లు

నడుం నొప్పి పోతుందని క్రూజర్ (నిటారుగా కూర్చుని, కాళ్లు ముందుకు చాపి నడిపే బరువైన బైకు) కొనబోయేవాళ్లు ఎవరైనా ఉంటే కాసేపు ఆగండి. నేనూ అదే నమ్మి కొన్నాను. మెడ నొప్పి పోయింది, మణికట్ల నొప్పి పోయింది, అది నిజం. నడుం నొప్పి మాత్రం పోలేదు, నాలుగు అంగుళాలు కిందికి దిగింది అంతే.

నాది విత్తనాలు, పురుగుమందుల అమ్మకం పని. ఇల్లు నల్లగొండలో. ఒకరోజు హాలియా, ఒకరోజు దేవరకొండ, ఒకరోజు మిర్యాలగూడ, సీజన్‌లో రోజుకు 120 కిలోమీటర్లకు తగ్గదు. కొన్నేళ్లు ఈ తిరుగుడంతా ఫుల్ ఫెయిరింగ్ (గాలిని చీల్చే ప్లాస్టిక్ తొడుగు) ఉన్న 155 సీసీ స్పోర్ట్స్ బండి మీదే చేశాను. ఇంటర్‌లో ఉన్నప్పుడు 2003లో కరిజ్మా వచ్చింది, ఆ పసుపు బండి చూసి పట్టిన పిచ్చి అది, ముప్పై దాటినా వదల్లేదు. ముప్పై మూడు దాటాక ఒళ్లే మాట వినడం మానేసింది. హాలియా చేరేసరికి అరచేతులు తిమ్మిరెక్కేవి, షాపులో కూర్చుని ఆర్డర్ రాద్దామంటే పెన్ను పట్టుకోవడానికి వేళ్లు వంగేవి కావు, షాపాయన "చాయ్ తాగు అన్నా, చేతులు తెలివికొచ్చినంక రాద్దువు" అని నవ్వేవాడు.

ఏ కంపెనీ బండి అని అడగొద్దు. పేరు రాస్తే బండి సంగతి పక్కకు పోయి కంపెనీల కొట్లాట మొదలవుతుంది. ఇప్పుడున్నది 350 సీసీ సింగిల్ సిలిండర్, ఐదు గేర్లు, బరువు 190 కిలోల పైన. పాతది 140 చిల్లర. తమాషా ఏమిటంటే కాగితం మీద రెండిటి పవర్ దాదాపు ఒకటే, పాతది 19 హార్స్‌పవర్, కొత్తది 20. తేడా అంతా అది ఎక్కడ దొరుకుతుందన్న దగ్గర ఉంది. పాతదాంట్లో ఆ 19 చేతికి రావాలంటే ఇంజిన్ పదివేల ఆర్‌పీఎం (నిమిషానికి పదివేల చుట్లు) దాకా అరవాలి, దీంట్లో ఆరువేలకే వచ్చేస్తుంది. టార్క్, అంటే తిప్పే బలం అయితే పాతది 15 న్యూటన్ మీటర్లు లోపే, అదీ ఎనిమిదిన్నర వేల దగ్గర. దీనిది 27, నాలుగు వేలకే.

రోడ్డు మీద దీని అర్థమేమిటో చెప్తా. సాగర్ రోడ్డులో వడ్ల లారీ వెనక యాభైలో పోతున్నామనుకోండి. పాత బండి అయితే రెండు గేర్లు దించి యాక్సిలరేటర్ పిండితే కందిరీగలా లేచి లారీని దాటేసేది, ఆ దాటుడులో ఒక మజా ఉండేది, అబద్ధమెందుకు. ఈ బండికి గేరు మార్చే పనే లేదు, ఉన్న గేరులోనే ఎనభై దాకా నెట్టుకుంటూ పోతుంది. కానీ ఎనభై నుంచి వంద పోవాలంటే మాత్రం ఎదుటి వాహనం ఎంత దూరంలో ఉందో ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి, ఎందుకంటే అక్కడ పాతదాని లాగా దాచిపెట్టిన బలం ఏమీ లేదు. మొదటి నెలలో నార్కట్‌పల్లి దాటాక హైవే మీద పాత లెక్కతోనే ఒక కారును దాటబోయి సగంలో ఇరుక్కున్నా, కారాయన దయతలచి బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. తప్పు బండిది కాదు, చేతికి పాత బండి అలవాటు ఉండిపోయింది.

విజయవాడ హైవే మీద 85 నుంచి 90 దీని ఇల్లు. ఆ స్పీడులో చిట్యాల, చౌటుప్పల్ ఎప్పుడు దాటామో తెలియకుండా హైదరాబాద్ పోవచ్చు. వంద దాటితే ఛాతీ మీద గాలి తెరచాపకు తగిలినట్టు తగులుతుంది. స్పోర్ట్స్ బండిలో వంగి పడుకుంటాం, ముందు ఫెయిరింగ్ గాలిని చీలుస్తుంది. ఇక్కడ నిటారుగా కూర్చుని గాలినంతా మనమే మోస్తాం.

మొదటి వారం కాళ్ల గోల వేరే. క్రూజర్‌కు ఫుట్‌రెస్ట్‌లు ముందుకు ఉంటాయి. క్లాక్ టవర్ దగ్గర సిగ్నల్ పడి బండి కదిలిస్తే నా కాలు అలవాటు కొద్దీ వెనక్కి పోయి గాల్లో వెతుక్కునేది, అక్కడ ఏమీ ఉండదు, ఈలోపు వెనక ఆటోవాడి హారన్. పది రోజులకు అలవాటైంది. గేరు లివర్ ముందు వేలితో, వెనక మడమతో నొక్కేది కాబట్టి బూటు పైభాగం అరగడం మాత్రం ఆగింది.

ఇక ఆ నొప్పి సంగతి. కాళ్లు ముందుకు చాపి కూర్చుంటే చూడ్డానికి సుఖంగా ఉంటుంది, కానీ గుంత వచ్చినప్పుడు కాళ్ల మీద లేచి నిలబడటం కుదరదు. స్పోర్ట్స్ బండిలో కాళ్లు కిందే ఉంటాయి కాబట్టి పిర్ర ఒక్క అంగుళం లేపితే చాలు, దెబ్బ మోకాళ్లు తీసుకుంటాయి. ఇక్కడ ప్రతి స్పీడ్ బ్రేకరూ నేరుగా తోక ఎముకకే. పైగా క్రూజర్ సీటు కిందికి ఉండాలని వెనక షాకప్‌లు పొట్టిగా పెడతారు, అవి ఆడే జాగా తక్కువ. కొండమల్లేపల్లి వైపు ఊరికి నాలుగు స్పీడ్ బ్రేకర్లు, పైగా పెయింట్ ఉండదు. రాత్రి పూట ఒక్కటి చూసుకోకపోతే పళ్లు టక్కుమంటాయి.

దీనికి రెండు మందులు దొరికాయి, రెండూ షోరూంలో ఎవరూ చెప్పలేదు. ఎనిమిది నెలలు మూడు సర్వీసింగ్‌లకు పోయి వెనక కొట్టుకుంటోందని మొత్తుకుంటే "బండి అంతే సార్" అన్నారు. దేవరకొండలో చెట్టు కింద షెడ్డు మెకానిక్ ఒకాయన నన్ను పైనుంచి కిందికి చూసి "ఎన్ని కిలోలు అన్నా?" అన్నాడు. 84 అన్నాను. కొక్కెం లాంటి స్పానర్ తెచ్చి షాకప్ అడుగున గాట్లు ఉన్న రింగును స్ప్రింగు బిగిసేలా రెండు గాట్లు తిప్పాడు, రెండువైపులా. ఐదు నిమిషాల పని, డబ్బులు కూడా తీసుకోలేదు. ఆరోజు నుంచి షాకప్ అడుగుకు పోయి కొట్టుకోవడం తగ్గింది. రెండోది సీటు. కొత్తలో మెత్తగా ఉందని మురిసిపోయాను గానీ, మెత్తటి ఫోమ్ గంట సేపటికి అణిగిపోయి కింద రేకు తగులుతుంది. సీటు కవర్లు కుట్టే షాపులో గట్టి ఫోమ్ వేయించాను, 1800 అయ్యింది. మొదటి వారం బెంచీ మీద కూర్చున్నట్టుంది, కానీ ఇప్పుడు రెండు గంటలు దిగకుండా పోగలను. గట్టి సీటే దూరానికి మంచిది, వినడానికి వింతగా ఉన్నా అదే నిజం. అయినా గంటన్నరకోసారి దిగి నాలుగడుగులు వేస్తే తప్ప తోక ఎముక ఒప్పుకోదు.

మలుపుల్లో మాత్రం పాత బండిని తలుచుకోని రోజు లేదు. శ్రీశైలం పోయాను, దేవరకొండ, డిండి మీదుగా. మన్ననూర్ అడవి చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూస్తే మళ్లీ పొద్దున ఆరుకే తీస్తారు, కాబట్టి తెల్లారి బయల్దేరి తొమ్మిదిన్నరకల్లా అడవిలో ఉన్నా. టైగర్ రిజర్వు రోడ్డు, ఎవరూ ఉరకరాదు, క్రూజర్‌కు అంతకన్నా మంచి రోడ్డు లేదు. ఇంజిన్ డుగుడుగుమంటుంటే పక్కన కోతులు, ఎండుటాకుల వాసన. ఈగలపెంట దాటి డ్యాం వైపు దిగే ఘాట్‌లో కుడి మలుపు ఒకటి కొంచెం హుషారుగా తీసుకున్నానో లేదో కింద గర్ర్‌మని సౌండ్, కాలు అదిరింది. ఏదో ఊడిపోయిందనుకుని భయపడి పక్కకు ఆపి చూస్తే ఫుట్‌రెస్ట్ కింద ఉండే చిన్న బోల్టు రోడ్డుకు రాసుకుంది, అంచు తళతళ మెరుస్తోంది. ఇక వంచొద్దు అని చెప్పడానికే ఆ బోల్టు పెడతారట. పాత బండి ఇంకో పది డిగ్రీలు వంగేది, నాకే ధైర్యం చాలేది కాదు. దీంట్లో ధైర్యం ఉన్నా బండి ఒప్పుకోదు.

బ్రేకులు కూడా కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. స్పోర్ట్స్ బండిలో ముందు బ్రేకే అన్నీ చూసుకుంటుంది. దీనికి బరువు వెనక, చక్రాల మధ్య దూరం ఎక్కువ, కాబట్టి వెనక బ్రేకు కూడా గట్టిగా వాడితేనే సరిగ్గా ఆగుతుంది. కార్తీకంలో హాలియా దారిలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి అంచున రాళ్లు పెడతారు కదా, ఒక సాయంత్రం ఎదురుగా బస్సు, ఇటు వడ్లు, పోయేందుకు జాగా లేదు. రెండు బ్రేకులూ ఒకేసారి పట్టితే ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోయి జారకుండా చూసే ఏర్పాటు) టకటకమని కాలికి కొట్టింది, బండి నిటారుగా వడ్ల కుప్ప అంచున ఆగింది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి చేశారు, ఎవరు చేశారో గానీ వాళ్లకు ఆ సాయంత్రం దండం పెట్టుకున్నా. రైతు మాత్రం నన్ను కాదు, ముందు వడ్లనే చూసుకున్నాడు.

ఊళ్లో తిప్పడం కష్టమే. మా గల్లీలో పాత బండి ఒక్క ఊపులో తిరిగేది, ఇది ముందుకూ వెనక్కూ మూడుసార్లు. ఏటవాలుగా ఉన్న చోట ముక్కు కిందికి పెట్టి ఆపితే, వెనక్కి లాగడానికి ఇంకో మనిషి కావాలి. మర్చిపోవద్దు.

మైలేజీ నాకు 33 నుంచి 36, పాతది 45 ఇచ్చేది. ట్యాంకు 15 లీటర్లు కాబట్టి బంకుకు పోయే లెక్క మాత్రం మారలేదు. వెనక టైరు 24 వేలకు మార్చాను. చైన్‌కు 500 కిలోమీటర్లకోసారి ఆయిల్ కొడతాను, 31 వేలకు చైన్ స్ప్రాకెట్ సెట్ వేశాను. మే నెల ఎండలో రెండూ వేడే, కాకపోతే పాతదాని ఫ్యాన్ తొడల మీదికి వేడి ఊదేది, దీనికి ఆ బాధ లేదు.

ఇంట్లో వాళ్ల తీర్పు అయితే మొదటిరోజే వచ్చేసింది. పాత బండి వెనక సీటు మీద మా ఆవిడ అన్నేళ్లలో పదిసార్లు కూడా ఎక్కలేదు, "గోడ మీద కూసున్నట్టుంది, నేను బస్సులో వస్త" అనేది. ఇప్పుడు చెర్వుగట్టు గుడికి ప్రతి అమావాస్యకు రెడీ. అరుగు మీద కూర్చున్నట్టుందట.

పాత బండి అమ్మబుద్ధి కాక మేనల్లుడికి ఇచ్చాను. అప్పుడప్పుడు ఆదివారం తీసుకుని పానగల్లు దాకా పోయొస్తాను, పోయేటప్పుడు నాకు మళ్లీ ఇరవై ఏళ్లు, తిరిగొచ్చేటప్పుడు మణికట్లు వయసు గుర్తుచేస్తాయి. వాడు నా క్రూజర్‌ను చూసి "ముసలోళ్ల బండి మామా" అని మూడేళ్లు ఎగతాళి చేశాడు. పోయిన నెల వాడే వచ్చి "దోస్తులతో శ్రీశైలం పోతున్నం, నీ బండి రెండు రోజులు ఇయ్యవా" అన్నాడు. ఇచ్చాను. తెచ్చి పెట్టాక బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. వాడు పోయాక వంగి చూశాను, కుడి ఫుట్‌రెస్ట్ కింద బోల్టు సగం లేదు.