షిమొనాదా: రెండు బండ్ల నడుమ ఒక సాయంత్రం

జపాన్ నాలుగు ప్రధాన ద్వీపాలలో అతి చిన్నదైన షికోకులో, ఎహిమే ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం వంటి పాలనా విభాగం) సముద్రతీరాన, షిమొనాదా అనే చిన్న రైల్వే స్టేషను ఉన్నది. ఒక ప్లాట్‌ఫారం, చెక్కతో కట్టిన ఒక గది, చిన్న కప్పు నీడన ఒక బెంచీ, ఎదురుగా సముద్రం: దాని ఆస్తి ఇంతే. స్టేషను మాస్టరు లేడు, టికెట్ల కిటికీ లేదు. ఇటువంటి వాటిని అక్కడ ‘ముజిన్ ఎకి’ అంటారు, అంటే మనుషులు లేని స్టేషను. 1935లో మొదలైన ఈ స్టేషను, మామూలు బండ్లలో ఎంత దూరమైనా తిరగనిచ్చే ‘సెయ్‌షున్ 18’ అనే చౌక టికెట్ ప్రచార చిత్రాలలో 1990ల చివర కనిపించి, దేశమంతటా పేరు తెచ్చుకున్నది.

దీనికి చేరువలో ఉన్న పెద్ద నగరం మత్సుయామా. అక్కడి నుంచి సుమారు గంట ప్రయాణమే గాని, ఆ గంట నాకు సగం పూట అయింది. తప్పు పూర్తిగా నాదే. 1986లో ఉచికో అనే ఊరి మీదుగా లోతట్టు రైలు దారి తెరిచినప్పటి నుంచి ఎక్స్‌ప్రెస్ బండ్లన్నీ అటే పోతున్నాయి. పాత తీరపు దారికి ఒకటి రెండు పెట్టెల డీజిల్ బండ్లు మిగిలాయి. రెండు దారులూ ముకాయ్‌బారా స్టేషను దగ్గర చీలి, చాలా దూరం పోయాక మళ్ళీ కలుస్తాయి కనుక, బండి మీద రాసిన గమ్యం ఊరు చూసి ఎక్కితే చాలదు, తీరపు దారిలోని నాగహామా మీదుగా పోతుందో లేదో కూడా చూసుకోవాలి. నేను చూసుకోలేదు. సముద్రం కనిపించవలసిన చోట కొండలు కనిపించేసరికి విషయం బోధపడి, తరువాతి స్టేషనులో దిగి, వెనక్కి వచ్చి, ముకాయ్‌బారాలో తీరపు బండి కోసం పడిగాపులు పడ్డాను. ఆ దిగిన స్టేషనులోనూ అడగడానికి మనిషి లేడు.

చేరడానికి వేరే మార్గాలూ ఉన్నాయి. 2014లో మొదలైన ‘ఇయోనాదా మొనొగతారి’ అనే పర్యాటక బండి ప్రధానంగా వారాంతాలలో నడుస్తుంది. భోజనం, పెద్ద కిటికీలు, ముందస్తు రిజర్వేషను అన్నీ ఉంటాయి గాని, షిమొనాదాలో ఆగేది ఫొటోలు తీసుకునేంత సేపే. కారులో వస్తే సమయం మన చేతిలో ఉంటుంది, కాకపోతే వచ్చేవారిలో ఎక్కువమంది కార్లలోనే వస్తారు, ఆ ఇరుకు వీధిలో వాటిని నిలిపే చోటు తక్కువ. నా ఓటు మామూలు బండికే. మధ్యాహ్నం పూట ఒక బండికీ మరొక దానికీ నడుమ గంటల తరబడి ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ కోసమే అక్కడికి వెళ్ళాలి.

నేను దిగేసరికి బెంచీ దగ్గర వరుస కట్టి ఉన్నారు. ఒకరి తరువాత ఒకరు కూర్చుని, సముద్రం వైపు చూస్తున్నట్టు వీపు చూపి ఫొటో తీయించుకుని లేస్తున్నారు. ఫొటోలలో ప్లాట్‌ఫారం అంచున అలలు ఉన్నట్టు కనిపిస్తుంది; నిజానికి ఇప్పుడు పట్టాలకూ నీటికీ మధ్య, పల్లంలో, 378వ నంబరు జాతీయ రహదారి పోతున్నది. కూర్చున్నవారికి అది దాదాపు కనబడదు, చప్పుడు మాత్రం వినబడుతుంది. ఈ సంగతి తెలియక వచ్చేవారికి కొంత నిరాశ తప్పదు. సూర్యుడు మునిగిన పది నిమిషాలలో కార్లన్నీ కదిలిపోయాయి. అప్పుడు బెంచీ నాకు దొరికింది. నీటి మీద నారింజ రంగు బూడిదగా మారేదాకా, కాగితం మీద అచ్చయిన బండ్ల వేళలను మళ్ళీ మళ్ళీ చదువుతూ కూర్చున్నాను. నేను ఎక్కవలసిన బండి తప్పితే తరువాతి దానికి ఎంతసేపు ఆగాలో ఆ కాగితం మొహమాటం లేకుండా చెబుతున్నది.

బస మత్సుయామాలోనే పెట్టుకోవడం మేలు. స్టేషను దగ్గరి బిజినెస్ హోటళ్ళలో గది అగ్గిపెట్టెంత ఉన్నా శుభ్రతకు వంక పెట్టలేము. ఖర్చుకు వెనుకాడనివారు ట్రామ్ ఎక్కి దోగో వేడినీటి బుగ్గల వైపు పోవచ్చు. 1894 నాటి అక్కడి ప్రధాన స్నానశాల, ఏళ్ళ తరబడి సాగిన మరమ్మతుల తరువాత 2024 జూలైలో పూర్తిగా తెరుచుకున్నది. పదిమందిలో బట్టలు లేకుండా స్నానం చేయడానికి మనవాళ్ళు జంకుతారు గాని, అక్కడ మన వైపు చూసే తీరిక ఎవరికీ ఉండదు. ఈ ప్రాంతపు పేరున్న చిరుతిండి ‘జాకోతెన్’, చిన్న చేపలను ముళ్ళతో సహా రుబ్బి నూనెలో వేయించిన బిళ్ళ, వేడిగా ఉన్నప్పుడు చాలా బాగుంటుంది. శాకాహారులు మాత్రం ‘ఉడాన్’ అనే లావు గోధుమ నూడుల్స్ పులుసును కూడా నమ్మరాదు, అందులో చేపల రసం ఉంటుంది.

తిరుగు బండికి వెనుక తలుపు గుండా ఎక్కి, గుమ్మం పక్కనున్న పెట్టె నుంచి నంబరు చీటీ లాగాలి. డ్రైవరు తలపైనున్న పలకలో ఆ నంబరు కింద మనం కట్టవలసిన సొమ్ము స్టేషను స్టేషనుకూ పెరుగుతూ కనిపిస్తుంది. మన హాల్ట్ స్టేషన్లలో కమీషను మీద టికెట్లు అమ్మే ఏజెంటు చేసే పనిని ఇక్కడ ఆ చీటీ చేస్తున్నది. సిబ్బంది లేని స్టేషనులో దిగేవారు చిల్లర సిద్ధంగా పెట్టుకోవాలి, పెద్ద నోటు బండిలో మారదు. నేను దిగేది మత్సుయామాలో కాబట్టి, చీటీని గేటు దగ్గర ఉద్యోగికి ఇచ్చి డబ్బు కట్టాను. ఆ రోజు నా ప్రయాణంలో టికెట్ చూసిన మనిషి, డ్రైవర్లను మినహాయిస్తే, ఆయన ఒక్కరే.