ఆగలేని పంట, ఆగలేని రైతు: ఆఫ్రికా పల్లెలకు ఏ దారి మేలు?

పలాసలోని జీడి పరిశ్రమలకు శ్రీకాకుళం జిల్లా పంట ఒక్కటే చాలదు కాబట్టి, ఆఫ్రికా దేశాల నుంచి ఓడలెక్కి వచ్చిన పిక్కలను కూడా అక్కడ కాల్చి, పగలగొట్టి, పప్పు తీసి డబ్బాలకెక్కిస్తారు. బెనిన్‌లోనో ఐవరీ కోస్ట్‌లోనో ఒక రైతు కుటుంబం చెట్ల కింద ఏరిన పిక్క వల్ల ఇక్కడ కూలి దొరుకుతోంది, ఇక్కడ లాభం పుడుతోంది. పండించిన ఊరికి మాత్రం పచ్చి పిక్క ధర తప్ప మరేమీ మిగలడం లేదు. ఆఫ్రికా గ్రామీణ పేదరికాన్ని చిన్న స్థాయి వ్యవసాయ వ్యాపారంతో తగ్గించవచ్చు అనేవారు చూపే దారులు ముఖ్యంగా మూడు. రైతుకు విత్తనం, ఎరువు చవకగానో అప్పుగానో అందించడం ఒకటి. చిన్న రైతులందరినీ ఒక కర్మాగారం చుట్టూ కూర్చడం రెండోది. పంటను ఊళ్లోనే సరుకుగా మార్చే చిన్న పరిశ్రమలు పెట్టించడం మూడోది. వీటిలో ఏది మేలో తేల్చడానికి ఎకరా దిగుబడి సరైన కొలబద్ద కాదని నా అభిప్రాయం. కోసిన పంట ఎన్నాళ్లు నిలవుంటుంది, దాన్ని అమ్మకుండా రైతు ఎన్నాళ్లు ఆగగలడు అని అడిగితే, ఏ దారి ఎక్కడ పనికొస్తుందో చాలావరకు తేటపడుతుంది.

మొదటి దారిలో అందరూ చెప్పుకొనే దేశం మలావీ. 2005లో పంట పోయి లక్షలాది మంది ఆహార సాయం కోసం ఎదురుచూసిన ఆ దేశంలో, అధ్యక్షుడు బింగు వా ముథారికా ప్రభుత్వం 2005–06 సాగుకాలం నుంచి ఎరువుకూ మొక్కజొన్న విత్తనానికీ రాయితీ కూపన్లు పంచింది. వానలు కూడా కలిసివచ్చి దిగుబడి బాగా పెరిగింది. 2007లో మలావీ జింబాబ్వేకు మొక్కజొన్న ఎగుమతి చేయగలిగింది. ఆకలి తీర్చిన పథకాన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. అయినా 2019–20 సర్వే నాటికి కూడా ఆ దేశ జనాభాలో సగం మంది దారిద్ర్య రేఖకు దిగువనే ఉన్నారన్నది కాదనలేని నిజం. ఇందుకు ఒక కారణం ఎరువు దిగుమతి సరుకు కావడం. సముద్రతీరం లేని దేశానికి అది పొరుగు దేశాల రేవుల మీదుగా రావాలి, దాని ధర పెరిగిన ప్రతిసారీ రాయితీ భారం ఖజానా మీద పడుతుంది.

ఇంకో కారణం రైతు ఇంట్లోనే కనిపిస్తుంది. మొక్కజొన్న బాగా ఎండబెట్టి దాస్తే నెలల తరబడి నిలవుండే గింజ, ఆగలేనిది రైతే. పాత అప్పు, పిల్లల ఫీజు, ఇంట్లో జబ్బు అన్నీ కోతల నాడే గుమ్మం ముందుకొస్తాయి. అందువల్ల ధర అడుగంటిన వేళ అమ్ముకుని, జనవరి, ఫిబ్రవరి నెలలకు అదే గింజను హెచ్చు ధరకు కొనుక్కుంటాడు. సరిగ్గా ఆ నెలల్లోనే సొంత చేలో కలుపు తీయవలసి ఉంటుంది. కానీ ఇంట్లో గింజలు నిండుకున్న కుటుంబం ఇతరుల చేలలో కూలికి వెళ్లక తప్పదు. ఆ కూలిని మలావీలో ‘గన్యు’ అంటారు. సొంత చేను కలుపులో మునిగితే పంట తగ్గుతుంది, తగ్గిన పంట మరుసటి ఏడు మళ్లీ గన్యుకే పంపుతుంది. కూపన్ ఎంత మంచిదైనా ఈ చక్రాన్ని తెంచలేకపోయింది.

కాబట్టి ఇదే దారిలో ఎరువు రాయితీ కన్నా, ఆగడానికి ఇచ్చే సాయం మీదనే నాకు నమ్మకం ఎక్కువ. 2006లో పశ్చిమ కెన్యాలో మొదలైన వన్ ఏకర్ ఫండ్ అనే సంస్థ రైతులకు విత్తనం, ఎరువు అప్పుగా ఇస్తుంది, వాటిని నడిచి వెళ్లగలిగే దూరానికి చేరుస్తుంది, బాకీని వీలును బట్టి కొద్దికొద్దిగా కట్టనిస్తుంది. ఆ రైతులతోనే చేసిన, 2019లో వెలువడిన ఒక పరిశోధనలో, కోతల వేళ చిన్న అప్పు చేతికిస్తే వారు గింజను నిలవ ఉంచుకుని తర్వాత అమ్మి లాభపడ్డారని తేలింది. అంతకన్నా విలువైన విషయం ఇంకొకటి అందులో ఉంది: అప్పు ఎక్కువ మందికి అందిన చోట ఊరి సంతలోనే ధరల ఎగుడుదిగుళ్లు తగ్గాయి, అంటే అప్పు తీసుకోని ఇరుగుపొరుగుకు కూడా మేలు జరిగింది. పశ్చిమాఫ్రికాలో బొబ్బర్లు దాచడానికి వాడే మూడు పొరల సంచి చేసే పని కూడా ఇలాంటిదే. లోపలి రెండు ప్లాస్టిక్ పొరలను గట్టిగా బిగించి కడితే గాలాడక పురుగు చస్తుంది, మందు కొట్టకుండానే గింజ నిలుస్తుంది.

తేయాకు లెక్క పూర్తిగా వేరు. రెండాకులు, ఒక మొగ్గ చొప్పున గిల్లిన ఆకును గంటల్లోనే కర్మాగారానికి చేర్చాలి. లేకపోతే బుట్టలోనే కమిలి వేడెక్కి పాడవుతుంది. ఇక్కడ రైతుకు అప్పిచ్చి ఆగమంటే అర్థం లేదు. వలస పాలనలో 1950ల వరకు కెన్యా ఆఫ్రికన్ రైతులను దాదాపుగా తేయాకు సాగుకు రానీయలేదు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, 1964లో, ఏర్పడిన తేయాకు అభివృద్ధి సంస్థ కేటీడీఏ ఆ రైతుల చుట్టూనే పెరిగింది. ఊరికి దగ్గరలో ఆకు కొనుగోలు కేంద్రం, అక్కడ తూకం, లారీ, కర్మాగారం, మొంబాసా రేవు నగరంలో జరిగే టీ వేలం అన్నీ ఒకే గొలుసుగా కూర్చారు. 2000లో సంస్థను ప్రైవేటీకరించాక కర్మాగార కంపెనీలలో వాటాలు రైతుల చేతికి వచ్చాయి. నేడు 6 లక్షలకు పైగా చిన్న రైతులు, చాలామంది ఎకరమో అంతకన్నా తక్కువో ఉన్నవారు, ఇందులో ఉన్నారు. దేశపు టీ ఉత్పత్తిలో సగానికి పైగా వారిదే. ఆకుకు నెలనెలా కొంత డబ్బు, ఏడాది చివర ‘బోనస్’ పేరుతో మిగతాది వస్తాయి. మలావీ రైతుకు ప్రభుత్వం ఎరువు ఇచ్చి వదిలేసింది. కెన్యా రైతుకు వేలంపాట దాకా తోడు దొరికింది, కర్మాగారంలో వాటా కూడా దక్కింది. పేదరికం విషయంలో ఈ తేడా చిన్నది కాదు.

అలాగని ఇది మచ్చలేని నమూనా అనలేను. యాజమాన్యం కాగితం మీద రైతుదే అయినా, నిర్ణయాలు దూరంగా జరుగుతాయన్న ఫిర్యాదు ఏళ్లుగా ఉంది. దేశాన్ని రెండుగా చీల్చే రిఫ్ట్ లోయకు తూర్పున ఉన్న కర్మాగారాల రైతులకు ఎక్కువ బోనస్, పడమటి వారికి తక్కువ రావడం తీవ్రమైన ఆందోళనలకు దారితీసింది. 2021లో వేలంలో కనీస ధర విధించినప్పుడు, ఆ ధరకు కొనేవారు లేక టీ గోదాముల్లో పేరుకుపోయింది. పైగా ఈ గొలుసంతటికీ రోడ్డు కావాలి. ఆకు లారీ రాలేని వానాకాలపు బురద దారి ఉన్న ఊరికి వాటాపత్రం వల్ల ఒరిగేది తక్కువ.

కర్రపెండలం ఈ రెండింటికీ మధ్యలో నిలుస్తుంది. గోదావరి జిల్లాల వారికి సగ్గుబియ్యం దుంపగా తెలిసిన ఈ పంటను ప్రపంచంలోకెల్లా ఎక్కువగా పండించే దేశం నైజీరియా. నేలలో ఉన్నంత కాలం దుంప నెలల తరబడి చెడదు, అంటే పొలమే గోదాము. పీకిన రెండు మూడు రోజులకే లోపల నల్లని చారలు పడి పాడవుతుంది. అందుకే అక్కడి పల్లె స్త్రీలు దాన్ని ‘గర్రి’గా మారుస్తారు. చెక్కు తీసి, కడిగి, ఇంజిన్ తురుము యంత్రంలో వేసి, వచ్చిన తడి ముద్దను సంచులలో నింపి, పైన బరువు పెట్టో మర బిగించో నీరు పిండుతారు. ఒకటి నుంచి నాలుగు రోజులు అలా ఉంచితే పులుస్తుంది, దుంపలోని విషపదార్థం తగ్గుతుంది. తర్వాత జల్లించి, వెడల్పాటి పెనం మీద, కళ్లు మండించే పొగలో, అడుగంటకుండా అదే పనిగా కలుపుతూ వేయిస్తారు. నాలుగైదు కిలోల దుంపకు సుమారు కిలో గర్రి వస్తుంది, అది నెలల పాటు నిలవుంటుంది, మన సంకటిలా వేడినీళ్లలో ముద్ద చేసుకుని తినే ఆహారం కాబట్టి కొనేవారు ఊరి సంతలోనే ఉంటారు. విదేశీ వేలంపాట అవసరం లేదు, లక్షల పెట్టుబడి అవసరం లేదు. మహిళల సంఘానికి ఒక తురుము యంత్రం, ఒక పిండే మర, పొగ బయటికి పోయే పొయ్యి ఉంటే చాలు. యంత్రం మరొకరిదైతే ప్రతి గంపకూ వారికి కిరాయి పోతుంది. ఆ కిరాయి సంఘం చేతికి రావడమే ఇక్కడ అసలు మార్పు. భూమి లేని స్త్రీకి కూడా ఇందులో చోటుంది, ఆ చోటు కూపన్‌లోనూ లేదు, తేయాకు వాటాలోనూ లేదు. పేదలలో అడుగున ఉన్నవారికి ముందుగా అందేది ఏదని అడిగితే, నేను దీనికే ఓటు వేస్తాను.

చిన్న పరిశ్రమ అన్న మాట విని ప్రతి పంటకూ ఇదే సూత్రం వర్తిస్తుందనుకుంటే జీడి దగ్గర బోల్తాపడతాం. ఎండిన జీడిపిక్క దాదాపు ఏడాది ఆగగలదు. పశ్చిమాఫ్రికాలో పంట ఫిబ్రవరి నుంచి జూన్ వరకు వస్తుంది. కర్మాగారం ఏడాదంతా నడవాలంటే ఆ కొద్ది నెలల్లోనే ఏడాదికి సరిపడా పిక్క కొని నింపుకోవాలి. అంత డబ్బు అధిక వడ్డీకి తెచ్చిన చిన్న పరిశ్రమ, చవక అప్పు దొరికే భారత, వియత్నాం కొనుగోలుదారుల ముందు నిలవలేదు. 1970ల మొదట్లో జీడిలో ప్రపంచంలోనే ముందున్న మొజాంబిక్, 1990లలో ప్రపంచ బ్యాంకు షరతుల మేరకు పచ్చి పిక్క ఎగుమతి సుంకాన్ని తగ్గించింది. దాంతో పిక్క పచ్చిగానే విదేశాలకు తరలిపోయి, కర్మాగారాలు మూతపడి వేలాది కార్మికులు వీధిన పడ్డారు. బదులుగా రైతుకు దక్కిన లాభం సగటున కుటుంబానికి ఏటా 5 డాలర్ల చిల్లర మాత్రమేనని ఆర్థికవేత్తలు తర్వాత లెక్కగట్టారు. ఆపైన ఆ దేశం సుంకాన్ని మళ్లీ 18–22 శాతానికి పెంచింది, 2000లలో నంపులా ప్రాంతంలో చేతితో పిక్క పగలగొట్టే చిన్న కర్మాగారాలు లేచాయి. బెనిన్ మరింత ముందుకెళ్లి 2024 ఏప్రిల్ నుంచి పచ్చి పిక్క ఎగుమతినే నిషేధించి, గ్లో-జిగ్బే పారిశ్రామిక వాడకు పంటను మళ్లించింది. ఉద్యోగాల వరకు అది ధైర్యమైన అడుగు. కానీ కొనేవారు తగ్గితే పిక్క ధర పడే ప్రమాదం నేరుగా రైతు మీదే ఉంటుంది.

కాబట్టి జీడిలో నిషేధం కన్నా ముందు రావలసింది సీజన్ అప్పు అని నేను అనుకుంటున్నాను. ఊరి సంఘం గోదాములో పిక్కను పెట్టి, ఆ రశీదు మీద రైతు కొంత డబ్బు తీసుకోగలగాలి. టాంజానియాలోని మ్త్వారా ప్రాంతంలో 2007 నుంచి నడుస్తున్న గోదాము రశీదు పద్ధతి, చెల్లింపుల జాప్యం మీద ఎన్ని విమర్శలున్నా, ఆ దిశలో వేసిన అడుగే. చిన్న కర్మాగారానికి కూడా అదే గోదాము నుంచి నెలకు సరిపడా పిక్కను మాత్రమే కొనుక్కునే వీలుంటే, ఏడాది సరుకుకు ఒకేసారి అప్పు చేయనక్కరలేదు. అప్పుడే పిక్క కాల్చే పొయ్యి బెనిన్ పల్లెలో కూడా వెలుగుతుంది, జీడి చమురుకు చేతులు కాలకుండా బూడిద పూసుకుని కూర్చునే ఆడవాళ్ల కూలి ఆ ఊళ్లోనే ఖర్చవుతుంది.